అచ్చు పుస్తకాల నాటి కాపీరైట్ చట్టం డిజిటల్ కాలానికి సరిపోతోందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పదిహేనేళ్ల కిందట మీ కథల సంపుటిని ఒక ప్రచురణకర్తకు ఇచ్చారు. అప్పటి ఒప్పందంలో పుస్తకం అన్న మాటే తప్ప మరే రూపం ప్రస్తావనా లేదు. ఇప్పుడు ఆయన దాన్ని ఈ-బుక్‌గానూ, ఆడియో పుస్తకంగానూ అమ్ముతున్నారు. ఆయనకు ఆ హక్కు ఉందా అన్నది మీ మొదటి ప్రశ్న. మీరు డబ్బు పెట్టి కొన్న ఈ-బుక్‌ను చదివేశాక మిత్రునికి ఎందుకు ఇవ్వలేకపోతున్నారన్నది రెండోది. అచ్చుయంత్రం కోసం పుట్టిన చట్టం ఇంటర్నెట్‌కు పనికొస్తుందా అన్న పెద్ద సందేహమూ వీటితో పాటే అడిగారు.

రచయితలకు, సంగీతకారులకు, ప్రచురణకర్తలకు హక్కుల ఒప్పందాలు రాయడం, వాటి మీద వచ్చే తగాదాలు చూడటం నా వృత్తి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మీది ఏ దేశ చట్టమో మీరు చెప్పలేదు కనుక కొన్ని దేశాల చట్టాలను పక్కపక్కన పెట్టి చెబుతాను.

ముందు సూటిగా జవాబులు. చట్టం మారింది, ఇంకా మారుతూనే ఉంది. అయితే అది ఎక్కువగా పాత మాటలకు కొత్త అర్థం చెప్పుకుంటూ మారింది. ఆ పద్ధతి పనికిరాని చోట మాత్రమే కొత్త నేరాలను, కొత్త రక్షణలను చేర్చారు. ఈ మార్పుల వల్ల పెద్ద హక్కుదారులకు, ఇంటర్నెట్‌లో వేదికలు నడిపే సంస్థలకు ఒనగూడినంత మేలు పాఠకునికి గానీ ఒంటరి రచయితకు గానీ ఒనగూడలేదని నా అనుభవం. మీ ఈ-బుక్ విషయంలో మీ పక్షాన బలమైన వాదన ఉంది. ఆడియో విషయం అంత తేలిక కాదు, కారణం కింద రాశాను. ఇక మిత్రునికి ఇవ్వడం మాటకు వస్తే, చాలా దేశాల్లో చట్టం మీకు తోడు రాదు. మీరు పుస్తకాన్ని కొనలేదు, చదువుకునే అనుమతిని కొన్నారు.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే "కాపీ" అన్న ఒక్క మాటను పట్టుకోవాలి. ఇంగ్లండులో 1710లో వచ్చిన ఆన్ రాణి శాసనం నుంచి ఈ చట్టమంతా ప్రతిని తయారు చేయడం చుట్టూనే తిరిగింది. అచ్చు పుస్తకాన్ని మీరు పదిసార్లు చదివినా, అరువిచ్చినా, పాత పుస్తకాల వారికి అమ్మినా కొత్త ప్రతి పుట్టదు కనుక చట్టానికి అక్కడ పని లేదు. డిజిటల్ ఫైలు సంగతి అలా కాదు. దాన్ని తెరిచిన ప్రతిసారీ యంత్రం జ్ఞాపకంలో (మెమరీలో) ఒక ప్రతి తయారవుతుంది. దారిలో ఉన్న సర్వర్లలో మరికొన్ని తయారవుతాయి. చట్టంలోని మాటను అక్షరాలా పట్టుకుంటే చదవడమే ప్రతిని తయారు చేయడం అవుతుంది. ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలో 1993లో ఒక అప్పీలు కోర్టు, మరమ్మతు కోసం కంప్యూటర్‌ను ఆన్ చేసినప్పుడు దాని జ్ఞాపకంలోకి చేరిన సాఫ్ట్‌వేర్ కూడా కాపీయేనని తీర్పు చెప్పింది.

ఈ చిక్కును విప్పడానికి చట్టసభలు మినహాయింపులు రాయవలసి వచ్చింది. తాత్కాలికంగా, సాంకేతిక ప్రక్రియలో భాగంగా, తనకంటూ విడి ఆర్థిక విలువ లేకుండా ఏర్పడే ప్రతులకు అనుమతి అక్కర్లేదని యూరోపియన్ యూనియన్ 2001 నాటి ఆదేశంలో రాసింది. తెర మీద చదివేటప్పుడు ఏర్పడే ప్రతులు ఈ మినహాయింపులోకే వస్తాయని అక్కడి న్యాయస్థానం 2014లో స్పష్టం చేసింది. భారతదేశం 1957 నాటి చట్టానికి 2012లో చేసిన సవరణలో, ప్రసారంలో భాగంగా క్షణకాలం నిలిచే ప్రతులను అతిక్రమణ కాదని 52వ సెక్షన్‌లో చేర్చింది. వెబ్ పేజీ చదవడం నేరం కాదని చెప్పడానికి ఇంత కాలం పట్టిందంటే, పాత మాటను సాగదీయడంలో ఎంత ఇబ్బంది ఉందో మీరే ఊహించవచ్చు.

రెండో మాట "ప్రజలకు అందించడం". పాత చట్టాల్లో దీనికి నాటక ప్రదర్శన, రేడియో ప్రసారం వంటివే అర్థాలు. అక్కడ ఒకే సమయంలో చాలామంది చూస్తారు లేదా వింటారు. స్ట్రీమింగ్‌లో ఒకరు ఉదయం వింటారు, మరొకరు అర్ధరాత్రి వింటారు. ఒకేసారి గుమిగూడిన ప్రజలెక్కడా ఉండరు. 1996 డిసెంబరులో జెనీవాలో కుదిరిన వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) కాపీరైట్ ఒడంబడిక ఈ లోటును పూడ్చింది. ఎవరికి వారు తాము ఎంచుకున్న చోట నుంచి, తాము ఎంచుకున్న వేళలో అందుకునేలా ఉంచినా అది ప్రజలకు అందించడమేనని దాని 8వ అధికరణం చెబుతుంది. డిజిటల్ కాలానికి చట్టం చేసిన సవరణల్లో నా దృష్టిలో అన్నిటికన్నా చక్కగా కుదిరినది ఇదే. ఇప్పటి పాటల సేవలన్నీ, సినిమా సేవలన్నీ ఈ ఒక్క వాక్యం మీదే లైసెన్సులు రాసుకుంటున్నాయి.

ఇప్పుడు మీ ఈ-బుక్ సంగతి. అచ్చు ప్రతిని ఒకసారి అమ్మాక ఆ ప్రతి మీద హక్కుదారుకు అదుపు పోతుందన్న సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే చెప్పింది. పాత పుస్తకాల అంగళ్లన్నీ నిలబడింది ఇటువంటి సూత్రం మీదే. ఇది డిజిటల్ ఫైళ్లకూ వర్తిస్తుందా అని కోర్టులను అడిగితే వచ్చిన జవాబులు ఆసక్తికరంగా ఉన్నాయి. యూరప్ న్యాయస్థానం 2012లో, కాలపరిమితి లేని లైసెన్సుతో డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమ్మవచ్చని చెప్పింది. అదే న్యాయస్థానం 2019లో ఈ-బుక్‌లకు అది వర్తించదని చెప్పింది. డిజిటల్ ప్రతి నలగదు, చిరగదు, పాతబడదు కనుక పాత ఈ-బుక్ కొత్తదానికి అచ్చంగా పోటీ అవుతుందన్నది అక్కడి తర్కంలో ఒక భాగం. అమెరికా అప్పీలు కోర్టు 2018లో, కొనుక్కున్న పాటల ఫైళ్లను తిరిగి అమ్మడం గురించి చెబుతూ, ఫైలును పంపడమంటే కొత్త ప్రతిని తయారు చేయడమేనని, పాతది చెరిపేసినా తేడా లేదని తేల్చింది. మళ్లీ "కాపీ" దగ్గరికే వచ్చాం చూడండి.

కోర్టు తర్కం నాకు అర్థమవుతుంది, కానీ దాని ఫలితంతో నేను ఏకీభవించలేను. పుస్తకం చేతులు మారడం పాఠకుల మధ్య ఒక అనుబంధం, పేద విద్యార్థికి ఒక ఆధారం. అది పోయింది. 2009లో అమెజాన్, హక్కులు లేని వారు అమ్మకానికి పెట్టిన కొన్ని ఈ-బుక్‌లను కొనుగోలుదారుల పరికరాల్లోంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, క్షమాపణా చెప్పింది. అయినా అమ్మిన పుస్తకాన్ని కొన్నవారి ఇంటి అలమరలోంచి తిరిగి తీసుకుపోవడం అచ్చు కాలంలో జరగని పని. "కొనండి" అని రాసి ఉన్న బొత్తాం నొక్కేముందు కింద ఉన్న షరతుల్లో "లైసెన్సు" అన్న మాట ఉందేమో చూడండి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

షరతులతో పాటు ఫైలుకు తాళం కూడా ఉంటుంది, అంటే నకలు తీయకుండా, అనుమతి లేని వాడకం జరగకుండా అడ్డుకునే సాంకేతిక ఏర్పాటు. 1996 ఒడంబడిక ఈ తాళాలకు చట్టరక్షణ ఇవ్వమని దేశాలను కోరింది. అమెరికా 1998లో డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టం తెచ్చి, తాళం తీయడాన్నే విడి తప్పుగా చేసింది. లోపల ఉన్న దాన్ని మీరు న్యాయంగానే వాడుకోదలచినా సరే, తాళం తీయడం తప్పే. ఆ కాఠిన్యాన్ని తగ్గించడానికి అక్కడ మూడేళ్లకొకసారి కొన్ని పనులకు మినహాయింపులు ప్రకటిస్తుంటారు. భారత చట్టం 2012లో ఇదే విషయాన్ని ఎంతో మెరుగ్గా రాసింది. 65ఏ సెక్షన్ ప్రకారం కాపీరైట్‌ను అతిక్రమించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. చట్టం నిషేధించని పని కోసం తీస్తే కాదు. ఈ ఒక్క మాట తేడా ఎంతటిదో నాకు ఒక కేసులో తెలిసింది. చూపు లేని ఒక అధ్యాపకుడు తాను కొన్న పాఠ్యపుస్తకాన్ని తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినబోతే, తాళం వల్ల అది ఒక్క అక్షరం కూడా పలకలేదు. అమ్మిన సంస్థకు నాలుగు ఉత్తరాలు రాశాం. అంధులకు అందుబాటు ప్రతుల కోసమే 2013లో మరాకేష్ ఒడంబడిక కుదిరిందని, అది 2016 నుంచి అమల్లో ఉందని మూడో ఉత్తరంలో గుర్తు చేశాం. నాలుగో ఉత్తరం తరువాత తాళం లేని ఫైలు పంపారు. అప్పటికి ఆయన బోధించవలసిన సగం పాఠాలు గడిచిపోయాయి.

వేదికల బాధ్యత గురించి మీరు అడగలేదు, కానీ మీ పుస్తకం ఎక్కడో ఒక చోట అనుమతి లేకుండా తేలడం ఖాయం కనుక చెబుతాను. ఎవరో ఎక్కించిన దానికి వేదికను వెంటనే దోషిని చేయకుండా, హక్కుదారు తెలిపాక తొలగిస్తే చాలునన్న ఏర్పాటును డీఎంసీఏ ప్రవేశపెట్టింది. ఎక్కించిన వ్యక్తి అభ్యంతరం చెబితే, హక్కుదారు దావా వేయని పక్షంలో, పది నుంచి పద్నాలుగు పనిదినాల్లో దాన్ని తిరిగి పెట్టాలి. భారత నిబంధనల్లో ఫిర్యాదు అందాక 36 గంటల్లో తొలగించాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే వేదిక దాన్ని తిరిగి అందుబాటులోకి తేవచ్చు. యూరప్ 2019 ఆదేశంలోని 17వ అధికరణం ఇంకా ముందుకు వెళ్లి, పెద్ద వేదికలు లైసెన్సు కోసం, అది కుదరనప్పుడు అతిక్రమణలను ఆపడం కోసం శాయశక్తులా ప్రయత్నించాలని చెప్పింది. ఆచరణలో దానికి అర్థం, ఎక్కించిన వాటిని హక్కుదారులు నమోదు చేసిన వాటితో యంత్రాల చేత పోల్చి చూడటం. న్యాయమైన వాడకాన్ని, అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకాన్ని, అడ్డుకునే యంత్రం ఆ ఆదేశానికి సరిపోదని అక్కడి న్యాయస్థానం 2022లో హెచ్చరించింది కూడా.

ఆ యంత్రం ఎలా పొరబడుతుందో దగ్గరగా చూశాను. నా దగ్గరకు ఒక ఫిడేలు విద్వాంసుడు వచ్చారు. ఆయన వాయించిన కృతి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయినది, రికార్డింగు ఆయన సొంతం. అదే కృతికి మరొకరి రికార్డింగును ఒక సంగీత సంస్థ వేదికలో నమోదు చేసి ఉంచింది. యంత్రం రెండూ ఒకటే అనుకుని, ఆయన వీడియోకు వచ్చే ప్రకటనల ఆదాయాన్ని ఆ సంస్థకు మళ్లించింది. అభ్యంతరం పెడితే దాన్ని పరిశీలించి తిరస్కరించినది కూడా ఆ సంస్థే. చివరికి రెండు రికార్డింగులను పక్కపక్కన పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా విన్నాం. ఆయన రికార్డింగులో 1 నిమిషం 42 సెకన్ల దగ్గర కమాను మార్చిన చిన్న చప్పుడు ఉంది, ఆ తరువాత ఒక క్షణం నిశ్శబ్దం. రెండోదానిలో ఆ చోట తీగ మోగుతూనే ఉంది. ఇలాంటివి ఏడు చోట్లు కాలసూచికలతో రాసి పంపాక హక్కు ఆయనకు తిరిగి వచ్చింది. మళ్లించిన డబ్బులో కొంతే చేతికి అందింది. తన కమాను చప్పుడును తనదేనని రుజువు చేసుకోవలసి రావడం ఆయనను డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫిర్యాదు అందగానే తొలగించడం సులువు, తప్పుడు ఫిర్యాదుకు శిక్ష పడటం అరుదు. చట్టంలో దీన్ని సరిచేయకపోతే మంచి కళాకారులే నష్టపోతారు.

ఇక మీ అసలు విషయం, పాత ఒప్పందం. కొత్త మాధ్యమం వచ్చినప్పుడు పాత మాటలను ఎలా చదవాలన్న తగవు చట్టానికి కొత్త కాదు. మూగ సినిమా వచ్చినప్పుడు నాటక హక్కుల గురించి, టెలివిజన్ వచ్చినప్పుడు సినిమా హక్కుల గురించి ఇదే వచ్చింది. ఈ-బుక్‌ల విషయంలో 2001లో న్యూయార్క్ జిల్లా కోర్టు ముందుకు వచ్చిన వివాదం మీ ప్రశ్నకు చాలా దగ్గర. ముద్రించి, ప్రచురించి, పుస్తక రూపంలో అమ్మే హక్కు అన్న మాటల్లో ఈ-బుక్ ఇమడదని ఆ కోర్టు అభిప్రాయపడి, ప్రచురణకర్త అడిగిన తాత్కాలిక నిషేధాన్ని నిరాకరించింది. అప్పీలు కోర్టు 2002లో దాన్ని సమర్థించింది. అది ఆ ఒప్పందాల భాష మీద ఇచ్చిన నిర్ణయమే తప్ప అన్నిటికీ వర్తించే సూత్రం కాదని గమనించాలి.

నేను చూసిన ఒక ఒప్పందం చెబుతాను. దివంగతులైన ఒక రచయిత కుటుంబం తెచ్చిన రెండు పుటల టైపు కాగితం అది. "ఈ గ్రంథమును పుస్తకరూపమున ముద్రించి, ప్రచురించి, విక్రయించుటకు" హక్కు ఇచ్చినట్టు మొదటి పుటలో ఉంది. ఈ-బుక్ కూడా పుస్తకమే కదా అన్నది ప్రచురణకర్త వాదన. ఆ ఒక్క వాక్యం దగ్గరే కూర్చుంటే వాదన తెగేది కాదు. నేను రెండో పుట తీశాను. రాయల్టీ, "ముద్రిత ప్రతి"పై ఉన్న వెలలో శాతంగా ఉంది. రచయితకు ఉచితంగా ఇవ్వవలసినవి పది "ప్రతులు". పునర్ముద్రణకు ముందు మిగిలిన "నిల్వ" లెక్క చూపాలి. ఒప్పందంలోని కొలతలన్నీ కాగితానివే. కాగితం లేని వస్తువుకు ఆ లెక్కలు ఎలా కడతారని అడిగాక అవతలివారు మెత్తబడ్డారు. కోర్టు మెట్లెక్కకుండానే ఈ-బుక్‌కు విడి ఒప్పందం, విడి రాయల్టీ కుదిరాయి. మీ ఒప్పందంలో హక్కులు ఇచ్చే వాక్యంతో ఆగిపోకుండా, డబ్బు లెక్క కట్టే వాక్యాలు చదవండి. ఒప్పందం ఏ వస్తువును ఉద్దేశించి రాశారో అవే చెబుతాయి.

భారత చట్టం మీకు వర్తించేటట్టయితే మరికొన్ని సంగతులున్నాయి. ఒప్పందం నాటికి లేని, లేదా వాణిజ్యంగా వాడుకలో లేని మాధ్యమానికి, దాన్ని పేరెత్తి రాస్తే తప్ప హక్కుల బదలాయింపు వర్తించదని 2012 సవరణ 18వ సెక్షన్‌లో చేర్చింది. చాలామంది రచయితలు దీన్ని చూసి పని అయిపోయిందనుకుంటారు. రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. మీ ఒప్పందం సవరణకు ముందుదైతే, అది వెనకటి ఒప్పందాలకు వర్తించదని అవతలివారు వాదిస్తారు. రెండోది, క్యాసెట్లు, సీడీల రూపంలో ఆడియో పుస్తకాలు అప్పటికే అమ్ముడవుతున్నాయి. కనుక అది కొత్త మాధ్యమం కాదనవచ్చు. నేను ఆడియో విషయం తేలిక కాదన్నది ఇందుకే. అక్కడ మీకు ఆసరా వేరే ఉంది. చదివి వినిపించడం, రికార్డు చేయడం ముద్రణ కన్నా వేరైన హక్కులు, అవి ఒప్పందంలో లేకపోతే ఇవ్వనట్టే అని వాదించాలి. అన్నిటికన్నా ముందు 19వ సెక్షన్ చూడండి. బదలాయింపులో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా భావించాలని అది చెబుతుంది. పదిహేనేళ్లయింది అంటున్నారు కనుక, కాలపరిమితి లేని ఒప్పందమైతే, హక్కులు ఎప్పుడో మీకు తిరిగి వచ్చి ఉండవచ్చు. నా దగ్గరకు వచ్చే రచయితల్లో ఈ సంగతి ముందే తెలిసినవారు చాలా తక్కువ.

కృత్రిమ మేధ గురించి కూడా ఒక వాక్యంలో అడిగారు. అక్కడ చట్టం ఇంకా కుదురుకోలేదు. మీ కథలను యంత్రానికి నేర్పడానికి వాడుకోవచ్చా అన్న దానికి జపాన్ 2018 సవరణలో, రచనను ఆస్వాదించడం కోసం కాని సమాచార విశ్లేషణను చాలావరకు అనుమతించింది. హక్కుదారు యంత్రం చదవగల రూపంలో వద్దని ప్రకటిస్తే తప్ప చేయవచ్చని యూరప్ 2019లో చెప్పింది. అమెరికాలో ఇది కేసు కేసుకూ తేలవలసిన విషయం. 2025 జూన్‌లో ఒకే వారంలో రెండు జిల్లా కోర్టు నిర్ణయాలు ఆయా కేసుల్లో నేర్పడాన్ని న్యాయమైన వాడకంగా చూసినా, వాటి తర్కాలు వేరు. వాటిలో ఒకటి, కొన్న పుస్తకాలను ఒకలా, దొంగ ప్రతులతో కూర్చుకున్న గ్రంథాలయాన్ని మరోలా చూసింది. యంత్రం తనంతట తాను తయారు చేసిన దానికి అమెరికాలో కాపీరైట్ లేదని 2025 మార్చిలో అప్పీలు కోర్టు చెప్పింది, కర్త మనిషి కావాలన్నది ఆధారం. బ్రిటన్ 1988 చట్టం మాత్రం కంప్యూటర్ తయారు చేసిన రచనకు, అందుకు ఏర్పాట్లు చేసిన వ్యక్తిని కర్తగా భావిస్తుంది. మీకు సంబంధించినంత వరకు, ఇకపై రాసే ప్రతి ఒప్పందంలో యంత్రశిక్షణ హక్కు ఇస్తున్నారో లేదో విడిగా, పేరెత్తి రాయించండి. "ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని రూపాల్లో" అన్న వాక్యం కనబడితే కొట్టేయమనండి. ఒప్పుకోకపోతే, కొత్త రూపానికి విడి రాయల్టీ, మూడేళ్లలో వాడకపోతే హక్కు వెనక్కి అన్న షరతులైనా చేర్చమనండి. నేను గట్టిగా అడిగిన సందర్భాల్లో రెండోది చాలాసార్లు ఒప్పుకున్నారు.

ప్రచురణకర్తకు ఇప్పుడే కోపంగా నోటీసు పంపకండి. ముందు ఒప్పందం నకలు, ఇంతవరకు వచ్చిన రాయల్టీ లెక్కలు ఒకచోట పెట్టండి. ఈ-బుక్ అమ్మకాల డబ్బు మీరు అభ్యంతరం లేకుండా తీసుకుని ఉంటే, దాన్ని సమ్మతిగా చూపే ప్రయత్నం జరుగుతుంది కనుక ఆ తేదీలు ముఖ్యం. ఒప్పందంలో రూపం, కాలపరిమితి, రాయల్టీల గురించి ఉన్న మూడు వాక్యాలను పేర్లు తీసేసి యథాతథంగా ఇక్కడ రాస్తే, నోటీసులో మొదట ఏది అడగాలో చెబుతాను.